క్లయింట్ సెషన్‌లోనే ప్రార్థన చేయమంటే ఏం చేస్తారు?

గుంటూరు_సుహాసిని
ఎమ్మెస్సీ సైకాలజీ చేసి ఒక ప్రైవేట్ సెంటర్లో కౌన్సిలర్‌గా చేస్తున్నా. పుట్టి పెరిగిందంతా లూథరన్ కాంపౌండ్‌లోనే, ఆదివారం క్వయర్‌లో పాడతా కూడా. విషయం ఏంటంటే కాన్పయ్యాక డిప్రెషన్‌తో ఒకావిడ వస్తున్నారు (వివరాలు మార్చి రాస్తున్నా, దయచేసి ఎవరూ గెస్ చేయొద్దు). సైకియాట్రిస్ట్ మందులు నడుస్తున్నాయి, నా దగ్గర థెరపీ. మొన్న ఇంకో అయిదు నిమిషాల్లో సెషన్ అయిపోతుందనగా మేడమ్ నా కోసం ఒక్క చిన్న ప్రార్థన చేయరా అంది. నేను సరే అనలా, కాదనలా, దేవుణ్ణి ఇప్పుడు ఏం అడగాలనుందమ్మా నీకు అన్నా. ఆవిడే ఏడుస్తూ చెప్పుకుంది, నేను కూర్చుని విన్నా. సూపర్‌వైజర్‌కి చెప్తే సీరియస్ అయ్యారు, మతం గుమ్మం బయట వదిలి రావాలమ్మా ఇది క్లినిక్కు అని. ఇటు సంఘంలో పెద్దలేమో బైబిల్ వాక్యం లేని కౌన్సిలింగ్ ఏంటి, అదంతా లోకజ్ఞానం అంటారు. రెండు వైపులా తిట్లే. ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళు, క్లయింట్‌గా వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, మీరు గీత ఎక్కడ గీస్తున్నారు?

నెల్లూరు_నాస్తికుడు
సూపర్‌వైజర్ కరెక్ట్. ఫీజు తీసుకునేది సైకాలజీకి. ప్రార్థన కావాలంటే వీధికో చర్చి ఉంది, అక్కడ ఫ్రీ.

బాపట్ల_బ్రదర్
ఫ్రీ అని ఎవరన్నారు, కానుకల సంచీ మీ దాకా రాలేదేమో

పాస్టరుగారబ్బాయి
నేను కూడా ఇప్పుడు సేవలోనే ఉన్నా. సిస్టర్ మీరు చేసింది తప్పేం కాదు. ఆవిడ నోటితో ఆవిడే ప్రార్థన చేసుకుంది కదా. నాకు అర్థం కానిది ఒకటే, ఒక విశ్వాసి ఇంకో విశ్వాసికి ప్రార్థన చేస్తే అందులో ఎథిక్స్ ప్రాబ్లం ఎక్కడిది?

క్లినికల్_కృష్ణలంక
ఎక్కడిదో చెప్తా, కాస్త పొడుగు పోస్టే. (నేను ఎంఫిల్ చేసి ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, రిజిస్ట్రేషన్ ఉన్నవాణ్ణి, క్రిస్టియన్‌ని కాదు.)

ముందు సూపర్‌వైజర్ గారి మాట. కౌన్సిలర్ తన మతాన్ని బయట వదలొచ్చు, క్లయింట్ మతాన్ని ఎలా వదిలేస్తాం? ఆవిడ తన బాధని దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు అని అర్థం చేసుకుంటోందా, దేవుడు నాతో ఉన్నాడు అని అర్థం చేసుకుంటోందా అన్నది తెలియకపోతే కేసే తెలీదు. కెన్నెత్ పార్గమెంట్ అనే సైకాలజిస్ట్ దీన్ని పట్టుకునే దశాబ్దాలు పనిచేశాడు. విశ్వాసం కొందరికి తట్టుకునే బలం ఇస్తుంది, దేవుడు వదిలేశాడు అన్న ఆలోచన పట్టుకుంటే అదే విశ్వాసం ఇంకా కిందికి లాగుతుంది. రెండూ మతమే. అందుకే మొదటి రెండు సెషన్లలోనే అడగాలి. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టులు వేసే పుస్తకం డీఎస్ఎం, 1994లో వచ్చిన దాని నాలుగో ఎడిషన్లో కూడా మతపరమైన, ఆధ్యాత్మిక సమస్య అని విడిగా ఒక కోడ్ పెట్టారు, అది జబ్బుల లిస్టులో కాదు, పట్టించుకోవాల్సిన విషయాల కింద.

1992లో రెబెకా ప్రాప్స్ట్ వాళ్ళ స్టడీ ఒకటి ఉంది. డిప్రెషన్ ఉన్న క్రైస్తవ విశ్వాసులకి మామూలు సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చే థెరపీ) ఒక గుంపుకి, బైబిల్ ఆధారంగా వాదనలు, ఊహాచిత్రాలు కలిపిన సీబీటీ ఇంకో గుంపుకి ఇచ్చారు. మతం కలిపినదాన్ని మతం లేని థెరపిస్టులు చేసినప్పుడు కూడా బాగా పనిచేసింది, ట్రీట్‌మెంట్ అయ్యేసరికి బాగా కోలుకున్నది ఆ గుంపే. తర్వాత ఫాలో అప్‌లో తేడాలు తగ్గిపోయాయి అనుకోండి. దాన్నిబట్టి నాకు అర్థమైంది ఏంటంటే థెరపిస్టుకి విశ్వాసం ఉందా లేదా అన్నది కాదు, క్లయింట్ విశ్వాసాన్ని గౌరవంగా పనిలో వాడటం వచ్చా అన్నది.

ఇక పాస్టరుగారబ్బాయి అడిగింది. కౌన్సిలర్ కుర్చీకి పవర్ ఉంటుందండీ. ఆ కుర్చీలోంచి ప్రార్థన వస్తే క్లయింట్ తర్వాతి వారం నుంచి మీకు నచ్చే మాటలే చెప్తుంది. భర్త మీద కోపం వస్తోంది, దేవుడి మీద కోపం వస్తోంది అన్న మాట ఇంక బయటికి రాదు. ప్రార్థన చేసిన మేడమ్ ముందు దేవుణ్ణి తిట్టేదెవరు?

గుంటూరు_సుహాసిని
ఆ చివరి లైను నిజం. బైబిల్ కీర్తనల్లో దేవుణ్ణి నిలదీసేవి ఎన్ని ఉన్నాయో, 88వ కీర్తన అయితే చివరిదాకా చీకటే, ఒక్క ఓదార్పు మాట లేకుండా ముగుస్తుంది. ఆరాధనలో మాత్రం ఎవరూ చదవరు.

నర్స్_నిర్మల
మా ఇంట్లో కూటం పెట్టినప్పుడు నేను చదివా 88. అందరూ నావైపు ఏమైందమ్మా అన్నట్టు చూశారు

హన్మకొండ_పోరడు
నాకైతే డౌటే అన్నా. నేను హిందువుని, నా కౌన్సిలర్ మేడమ్ క్రిస్టియన్. ఆమె టేబుల్ మీద చిన్న సిలువ ఉంటది, అంతే, ఒక్క దినం గూడ దేవుని మాట ఎత్తలే. మా నాయిన సచ్చిపోయినప్పుడు దినాలు జరిగేటప్పుడు నాకు ఏమనిపిస్తుందో, పిండం పెట్టేటప్పుడు చేతులు ఎందుకు వణికినయో అన్నీ అడిగింది, మస్తు ఓపికగా విన్నది. ఆమె గనక ప్రార్థన చేస్తా బాబు అని ఉంటే నేను మళ్ల పోయేటోణ్ణే కాదు. మా ఇంట్ల తెలిస్తే మతం మారుస్తుండ్రని లొల్లి లొల్లి అయ్యేది. గీ యాంగిల్ గూడ సోచాయించుండ్రి.

బాపట్ల_బ్రదర్
అదీ పాయింటే. ఈ రోజుల్లో మంచికి పోయినా కేసు అంటారు.

నెల్లూరు_నాస్తికుడు
కేసు భయంతో ఆగడం కాదు బ్రదర్, జబ్బుతో ఉన్న మనిషి వీక్‌గా ఉన్న టైములో నీ సరుకు అమ్మకూడదు, అది మామూలు మర్యాద. ఏ మతం వాళ్ళైనా. మా పిన్నిని జ్యోతిష్యుడి దగ్గరికి పంపిన కౌన్సిలర్ కూడా ఉన్నాడు, హోమం చేయించారు, నిద్ర మాత్ర ఒక్కటి ఇప్పించుంటే సరిపోయేది.

డల్లాస్_దాసు
ఇక్కడ అమెరికాలో రెండూ వేరు వేరు దుకాణాలు. లైసెన్స్ ఉన్న కౌన్సిలర్ ఒకరు, చర్చిల్లో బిబ్లికల్ కౌన్సిలర్ అని ఇంకొకరు. 1970లో జే ఆడమ్స్ అనే ఆయన సైకాలజీ అక్కర్లేదు, వాక్యంతో బుద్ధి చెప్పడమే కౌన్సిలింగ్ అని మొదలుపెట్టాడు. అంతకు ముందే 1965లో కాలిఫోర్నియాలో ఫుల్లర్ సెమినరీ వాళ్ళు వేదాంతం, సైకాలజీ రెండూ కలిపి నేర్పే స్కూల్ పెట్టారు. ఆ గొడవ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఏసీఏ (అమెరికా కౌన్సిలర్ల సంఘం) కోడ్ ఉంటుంది, నీ సొంత విలువలు, నమ్మకాలు క్లయింట్ మీద రుద్దకూడదు అని రాసే ఉంటుంది. అయినా క్రిస్టియన్ కౌన్సిలర్ అని బోర్డు పెట్టుకోవచ్చు, మొదటి రోజే పేపర్ మీద సంతకం తీసుకుంటారు, మీకు ప్రార్థన, వాక్యం కావాలా వద్దా, మధ్యలో మనసు మారితే చెప్పండి అని. మా తెలుగు చర్చిలో మా ఆవిడకి అలాంటి ఆవిడే దొరికింది. వద్దు అని టిక్ పెట్టింది మా ఆవిడ, పాస్టర్ గారి చెల్లెలు అయ్యుండి. ఇంట్లో రోజూ వినేదే కదా, అక్కడన్నా వేరే మాట విననివ్వండి అంది.

పాస్టరుగారబ్బాయి
దాసు అన్నా, మీ ఆవిడ మాట మా ఇంట్లో చెప్పకండి

మచిలీపట్నం_మేరీ
నేను క్లయింట్‌ని. ఈ థ్రెడ్‌లో అందరూ మంచిగా మాట్లాడుతున్నారు గానీ క్రిస్టియన్ కౌన్సిలింగ్ అన్న పేరుతో నాకు జరిగింది చెప్తా. మా ఆయన తాగొచ్చి కొట్టేవాడు. ఒక మినిస్ట్రీ వాళ్ళ కౌన్సిలింగ్‌కి వెళ్తే ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి బైబిల్లో ఎఫెసీ 5:22 చదివారు, స్త్రీలారా లోబడియుండుడి అని. నేను ఆయన ముందు ఏం చెప్పగలను? చెప్పినదానికి ఇంటికెళ్ళాక దెబ్బలు పడ్డాయి. ఉపవాసం ఉండమ్మా, నీ ప్రార్థన వల్లే ఆయన మారాలి అన్నారు. అంటే ఆయన మారకపోతే నా ప్రార్థనలో లోపం. తర్వాత ప్రభుత్వం వాళ్ళ సెంటర్లో ఒక అమ్మాయి, బొట్టు పెట్టుకున్న అమ్మాయి, మొదట అడిగిన ప్రశ్న ఈ రాత్రి ఇంటికెళ్తే మీకు భద్రమేనా అని. ఆ ప్రశ్న నన్ను ఏ కౌన్సిలర్ బ్రదరూ అడగలేదు. నేను ఇప్పటికీ చర్చికి వెళ్తా, విశ్వాసం పోలేదు. 5:22 కన్నా ముందు 5:21 ఉంది, ఒకనికొకడు లోబడియుండుడి అని. అది ఆయనకెవరూ చదివి వినిపించలేదు.

నర్స్_నిర్మల
మేరీ అక్కా రాసినందుకు థాంక్స్. కొట్టే మనిషి ఉన్నప్పుడు ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టకూడదని మాకు ట్రైనింగ్‌లో గట్టిగా చెప్పారు. ముందు విడివిడిగా మాట్లాడాలి.

లా_లక్ష్మి
మేరీ గారు, 2005 గృహహింస చట్టం అన్ని మతాలవాళ్ళకీ ఉంది. ఇంకోటి, 2001 దాకా క్రైస్తవ భార్య విడాకులు అడగాలంటే క్రూరత్వం ఒక్కటే చాలేది కాదు, దాంతోపాటు వ్యభిచారం కూడా నిరూపించాలి. ఆ సవరణ వచ్చాక క్రూరత్వం మీదే అడగొచ్చు. పెళ్ళి పవిత్రం అని చెప్పే కౌన్సిలర్లకి ఈ పాటి చట్టం తెలియాలి, చెప్పాలి. నిర్ణయం ఆవిడది.

చీరాల_చిన్నోడు
ఇదంతా చదివాక ప్రార్థనే పనికిరాదు అన్నట్టు అవుతోంది. నా డిప్రెషన్ తగ్గింది ప్రార్థనతోనే. డాక్టర్ మందులు ఆరు నెలలు వాడినా ఏం కాలా. సంఘం వాళ్ళు రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేవాళ్ళు, పాటలు పాడి, అన్నం పెట్టి వెళ్ళేవాళ్ళు.

క్లినికల్_కృష్ణలంక
పనికిరాదు అని ఎవరూ అనలేదు చిన్నోడు గారు. రోజూ మనుషులొచ్చి కూర్చోవడం, టైముకి అన్నం, పాట, ఇవన్నీ డిప్రెషన్‌కి నిజంగా మంచి చేసేవే, మా టెక్స్ట్‌బుక్కులో వేరే పేర్లతో ఉంటాయి అంతే. మందులు మాత్రం మీ డాక్టర్‌తో మాట్లాడకుండా ఆపకండి.

పాస్టరుగారబ్బాయి
ఏలీయా ప్రవక్త గురించి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే. 1 రాజులు 19లో బదరీ చెట్టు కింద పడుకుని నా ప్రాణం తీసెయ్ ప్రభువా అన్నాడు. దేవదూత ప్రసంగం చేయలా. లేపి రొట్టె, నీళ్ళు పెట్టి మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. దేవుడు ఏలీయాని ప్రశ్న అడిగింది ఆ తర్వాత, కొండ దగ్గరికి నడిచి వెళ్ళాక. కష్టాల్లో పడ్డ యోబుని చూడ్డానికి వచ్చిన స్నేహితులు కూడా మొదటి 7 రోజులు నోరు మూసుకుని నేల మీద కూర్చున్నంతసేపు బ్రహ్మాండంగా ఉన్నారు, నోరు తెరిచాకే చెడింది.

బాపట్ల_బ్రదర్
మా సంఘ పెద్దలు ఆ 7 రోజులు ఎప్పుడూ పాటించలేదు, డైరెక్టుగా ఎనిమిదో రోజే వస్తారు

సీతమ్మధార_సైక్
నేను వైజాగ్‌లో చేస్తున్నా. ప్రార్థన అసలు చేయకూడని కేసులు ఉంటాయి, అవి ఎవరూ చెప్పలేదు ఇంకా. మతం రంగు పూసుకున్న ఓసీడీ, అంటే వద్దన్నా వచ్చే ఆలోచన, దాన్ని పోగొట్టుకోవడానికి చేసిందే మళ్ళీ మళ్ళీ చేయడం. మత్తయి 12లో పరిశుద్ధాత్మ దూషణకు క్షమాపణ లేదు అన్న మాట ఉంది కదా, అది పట్టుకుంటుంది. డిగ్రీ చదివే అబ్బాయి, మంచి విశ్వాసి, మనసులోకి బూతుమాట వస్తుంది, అయ్యో నేను దూషించాను, నాకింక నరకమే అని. క్షమించమని ప్రార్థన, మళ్ళీ డౌటు, సరిగ్గా చేశానా అని మళ్ళీ ప్రార్థన, రాత్రి రెండింటిదాకా. పాస్టర్‌కి ఫోన్, ఆయన ఏం కాదు బాబూ నువ్వు క్షమించబడ్డావు అని ప్రార్థన చేస్తాడు, గంట హాయిగా ఉంటుంది, మళ్ళీ ఫోన్. ఇక్కడ ప్రార్థనే చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కోవడం లాంటిది అయిపోయింది. నేను కూడా సెషన్‌లో కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తే జబ్బుకి మేత వేసినట్టే.

దీనికి పనిచేసే థెరపీ ఏంటంటే ఆ భయాన్ని కావాలనే ఎదుర్కొని, ఆ సరిచూసుకునే ప్రార్థన చేయకుండా ఆగడం నేర్పడం. ఒక క్రైస్తవ పిల్లాడికి ప్రార్థన ఆపు అని ఒక హిందూ సైకాలజిస్ట్ చెప్తే ఎలా ఉంటుంది చెప్పండి. అందుకే ఆ అబ్బాయి ఒప్పుకున్నాక, రాతలో అనుమతి తీసుకుని, పాస్టర్ గారిని పిలిపించా. ఆయన పెద్దగా చదువుకోలేదు గానీ వెంటనే పట్టేశారు. బాబూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మామూలు ప్రార్థన, మధ్యలో ఫోన్ చేస్తే నేను నీకు ధైర్యం చెప్పను, మేడమ్ చెప్పింది చెయ్ అంటా, అదే నా ప్రార్థన అన్నారు. నా నెల రోజుల పని ఆయన ఒక్క మాటతో అయింది.

గుంటూరు_సుహాసిని
వావ్. ఆ పాస్టర్ గారికి వందనాలు. అనుమతి రాతలో తీసుకున్నారు చూడండి, అది నోట్ చేసుకున్నా.

లా_లక్ష్మి
తీసుకోవాల్సిందే. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో 23వ సెక్షన్ గోప్యత గురించే. పాస్టర్ గారు మనవాడే కదా, సంఘం ఒక కుటుంబమే కదా అని క్లయింట్ విషయం చెప్పేస్తే కుదరదు. బుధవారం ప్రార్థన కూడికలో ఫలానా సిస్టర్ మానసిక స్థితి కోసం ప్రార్థిద్దాం అని మైకులో చదివేస్తారు, ఊరంతటికీ తెలిసిపోతుంది.

మచిలీపట్నం_మేరీ
ప్రార్థన విన్నపాలు అన్న పేరుతో జరిగే గాసిప్ గురించి వేరే థ్రెడ్ పెట్టాలి

నర్స్_నిర్మల
స్వరాలు వినిపించే కేసుల గురించి ఒక మాట. మా వార్డులో క్రిస్టియన్ పేషెంట్ దేవుడు నాతో మాట్లాడాడు అంటే కొత్త డాక్టర్లు వెంటనే హాలూసినేషన్ అని రాసేస్తారు. పెంతెకొస్తు సంఘాల్లో ఆ మాట ప్రతి ఆదివారం సాక్ష్యంలో వింటాం, అది జబ్బు కాదు. ఆ 2017 చట్టంలోనే ఉంది, సంఘంలో చెల్లే మత విశ్వాసాలకి ఒదగలేదని ఎవర్నీ మానసిక రోగి అనకూడదని. మరి తేడా ఎలా? నేను చూసేది నిద్ర ఎన్ని రోజుల్నుంచి లేదు, తిండి, స్నానం, పని ఏమయ్యాయి, ఆ స్వరం భయపెడుతోందా, నిన్ను నువ్వు చంపుకో అని చెప్తోందా. ఇంకోటి, వాళ్ళ సంఘం వాళ్ళనే అడగాలి, ఇది మీకు మామూలేనా అని. చాలాసార్లు సంఘం వాళ్ళే చెప్తారు, లేదమ్మా ఇది వేరేగా ఉంది, మాకూ భయమేస్తోంది అని.

నెల్లూరు_నాస్తికుడు
చాలాసార్లు సంఘం వాళ్ళు దయ్యం అంటారు. నూనె పోసి, కట్టేసి, కొట్టి. తమిళనాడులో ఏర్వాడి గుర్తుందా, 2001 ఆగస్టులో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటల్లో పోయారు. అది దర్గా చుట్టూ ఉన్న షెడ్డు, చర్చి కాదు, గుడి కాదు, కానీ ఏ మతంలో లేదు చెప్పండి ఈ పద్ధతి.

సీతమ్మధార_సైక్
కరెక్టే, గొలుసు వేయడం 2017 చట్టం పూర్తిగా నిషేధించింది. మానసిక రోగుల్ని ఉంచి చూసుకునే చోటు ఏదైనా రిజిస్టర్ చేయించాలి. స్వస్థత ప్రార్థన గృహం అని బోర్డు పెట్టినంత మాత్రాన మినహాయింపు లేదు. కానీ ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి కదా. గుజరాత్‌లో మీరా దాతర్ దర్గా దగ్గర దవా, దువా (మందు, ప్రార్థన) రెండూ ఒకే చోట పెట్టారు, దర్గా చూసుకునే ముజావర్లే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపేలా. మన దగ్గర స్వస్థత కూటాలు జరిగే చోట అలాంటిది ఎందుకు పెట్టకూడదు?

క్లినికల్_కృష్ణలంక
మన క్రిస్టియన్ మిషన్ హాస్పిటళ్ళకి ఆ చరిత్ర ఉంది కూడా. వెల్లూరు సీఎంసీ మెంటల్ హెల్త్ సెంటర్ 1957లో మొదలైంది, పేషెంట్‌తో ఇంటివాళ్ళు కూడా ఉండి చూసుకునే పద్ధతి వాళ్ళది. చాప్లెయిన్లు (ఆస్పత్రిలో సేవ చేసే పాస్టర్లు) ఉంటారు, ఎవరి పని వాళ్ళది. ఆ చాప్లెయిన్ ట్రైనింగ్ మొదలుపెట్టిన ఆంటన్ బాయిసన్ అనే పాస్టర్ స్వయంగా సైకోసిస్‌తో ఆస్పత్రిలో ఉండి బయటికి వచ్చినవాడు, 1925లో వేదాంత విద్యార్థుల్ని మెంటల్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళి పేషెంట్ల దగ్గర నేర్చుకోమన్నాడు.

చీరాల_చిన్నోడు
సుహాసిని గారు, మీ ఫారంలో మతం అని కాలమ్ ఉందా? ఉంటే తీసేయండి. ఎందుకో చెప్తా. మాలాంటోళ్ళం చాలామంది కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి. క్రైస్తవం అని రాస్తే ఎస్సీ సర్టిఫికెట్ పోయి బీసీ-సీలో పడతాం, ఎస్సీల వాటా ఎక్కడ, ఆ ఒక్క శాతం ఎక్కడ. క్రైస్తవులకి ఎస్సీ హోదా లేకుండా చేసిన 1950 ఆర్డర్ పుణ్యం. నేను మొదటిసారి కౌన్సిలర్ దగ్గరికెళ్ళినప్పుడు హిందూ అని రాశా. ఆవిడ పాపం మంచిదే, గుడికి వెళ్ళండి ప్రశాంతంగా ఉంటుంది అంది. నేను తలూపా. నా బాధ సగం సంఘంలోనే ఉంది, అది చెప్పే దారే లేదు.

హన్మకొండ_పోరడు
అరె గిది నాకు ఎన్నడు తట్టలే

క్లినికల్_కృష్ణలంక
నాకూ. పన్నెండేళ్ళుగా ఆ కాలమ్ నింపిస్తున్నా.

గుంటూరు_సుహాసిని
మా కాంపౌండ్‌లో సగం మందికి ఇదే కథ, నేనే ఆలోచించలేదు. కాలమ్ తీసేసి నోటితో అడుగుతా, ఫైల్లో రాయకుండా. కష్టంలో మీకు ధైర్యం ఇచ్చేది ఏది, ఎవరు అని. దేవుడి మాట వాళ్ళంతట వాళ్ళు ఎత్తితే అప్పుడు అడుగుతా. సూపర్‌వైజర్‌కి ఒక పేరా రాసి ఇద్దామనుకుంటున్నా, ఇలా:

"మీ విశ్వాసం గురించి ఇక్కడ మాట్లాడొచ్చు, మాట్లాడకపోయినా పర్లేదు. ప్రార్థన, వాక్యం, పూజ ఏదైనా మీరు అడిగితేనే దాని గురించి మాట్లాడుకుంటాం. కౌన్సిలర్ మతం ఏదైనా మీకు అందే సేవలో తేడా ఉండదు. మీరు రాతలో ఒప్పుకుంటే తప్ప మీ పాస్టర్, పూజారి, మౌల్వీ ఎవరితోనూ మీ విషయం మాట్లాడం. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు మాత్రం గోప్యతకి మినహాయింపు."

డల్లాస్_దాసు
బాగుంది. ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు అన్నది కలపండి.

నెల్లూరు_నాస్తికుడు
నాలాంటి వాళ్ళకి కూడా పనికొచ్చేలా ఉంది, ఒప్పుకుంటున్నా. అయినా సరే, ఆవిడ ప్రార్థన చేయమన్నప్పుడు మీరు చేయకపోవడమే మంచిదైంది.

పాస్టరుగారబ్బాయి
నేను ఒప్పుకోను, అడిగి చేస్తే తప్పులేదు అనే ఇప్పటికీ అంటా. ఓసీడీ లాంటివి పక్కన పెట్టండి. చావుబతుకుల్లో ఉన్న మనిషి అడిగితే కూడా కాదంటారా?

సీతమ్మధార_సైక్
చావుబతుకుల్లో అయితే నేనే చాప్లెయిన్‌ని పిలుస్తా, లేకపోతే మీకు ఫోన్ చేస్తా. మీ నంబర్ ఇవ్వండి. మీరు మాత్రం ఆత్మహత్య మాట ఎవరైనా ఎత్తితే ప్రార్థనతో ఆపేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలిమానస్‌కి కలపండి, తెలుగులో మాట్లాడతారు, ఎప్పుడైనా ఎత్తుతారు, డబ్బులు అక్కర్లేదు.

పాస్టరుగారబ్బాయి
డీల్. అసలు మా డివిజన్ పాస్టర్లందరికీ మీరే ఒక పూట వచ్చి చెప్పకూడదా? ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పంపాలి, ఎప్పుడు మేమే చూడొచ్చు అని. ప్రసంగం వద్దు, కేసులు చెప్పండి. కృష్ణలంక సార్ కూడా రావాలి.

క్లినికల్_కృష్ణలంక
వస్తా. శనివారం పెట్టండి, నాకు ఖాళీ.

పాస్టరుగారబ్బాయి
శనివారం ఎవరూ రారు సార్, మర్నాటి ప్రసంగం తయారు చేసుకోవాలి. సోమవారం పెడదాం, మాకు సెలవు.

బాపట్ల_బ్రదర్
భోజనం ఉందని పోస్టర్ మీద రాయండి, పక్క డివిజన్ వాళ్ళు కూడా వస్తారు